అక్షరం విరగొద్దు

మా వదిన బోనం కుండల మీద పసుపు, కుంకుమ, సున్నం చుక్కలతో బొమ్మలు వేస్తుంది. లాల్‌దర్వాజాలో మా పూజ సామాన్ల దుకాణం ముందరి కౌంటర్ మీద వాటిని పెట్టుకుంటానని ఆమె అడిగితే, మా అన్న ముఖం అదోలా పెట్టాడు. ఆ కౌంటర్‌ను కిరాయికి తీసుకుంటానని మొబైల్ కవర్లు అమ్మే ఒకాయన అప్పటికే చుట్టూ తిరుగుతున్నాడు. "బోనాల పండుగ దాక చూస్త. కుండలు పోకుంటే కౌంటర్ ఆయనకిస్త, తర్వాత నన్ననొద్దు," అని అన్న తేల్చేశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ దుకాణంలో పనిచేస్తున్నా, వదిన తనకోసం అడిగిన జాగా అదొక్కటే.

కుండల గురించి సోషల్ మీడియాలో పెడదామన్నది నేను. పగలు నేను ఇంటినుంచే ఒక ఆఫీసుకు కోడ్ రాస్తాను. వదిన రాసిన పోస్టు ఫోటోలతో సహా దానంతట అదే వెళ్లేలా ఒక చిన్న ప్రోగ్రాం తయారుచేశాను. అయితే ప్రోగ్రాం తన ఇష్టమొచ్చినట్టు ఆ సైటులోకి పోలేదు. సైటు వాళ్లు ఏపీఐ అని ఒక దారి పెడతారు, అందులోంచే, వాళ్లు చెప్పిన పద్ధతిలోనే పోవాలి. ఆ రాకపోకలన్నీ చూసుకునే కోడ్‌ను క్లయింట్ లైబ్రరీ అంటారు. ఎవరో రాసి ఊరికే పంచిపెట్టిన లైబ్రరీ ఒకటి దొరికితే వాడేశాను.

వదినకు పొట్టిగా రాయడం చేతకాదు. మట్టి ఎక్కడిది, కుండ ఎట్లా కాల్చారు, చుక్కలు ఎందుకట్లా పెట్టింది, అన్నీ చెప్పాల్సిందే. సైటేమో ఇన్ని అక్షరాలకు మించితే ఒప్పుకోదు. మించినప్పుడు లైబ్రరీయే పోస్టును ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి పెడుతుంది. మొదటి పోస్టు వెళ్లిన పొద్దున్నే గౌలిపుర నుంచి ఒకామె వదినకు ఫోన్ చేసింది.

"ఏందమ్మా, నెత్తి మీద కుండ కదలద అని మమ్మల్నే అడుగుతున్నవ్? అమ్మేదానివి, నీకే తెల్వకపోతే ఎట్ల?"

"ఈ కుండ నెత్తి మీద కదలదు" అని వదిన రాసింది. లైబ్రరీ సరిగ్గా ఆ చివరి అక్షరం మధ్యలో కోసింది. 'దు'లో ద పైముక్కలో ఉండిపోయింది, కొమ్ము తెగి కింది ముక్కలో పడింది. మా వైపు మాటలో "కదలద" అంటే ప్రశ్న. కొమ్ము ఊడేసరికి భరోసా కాస్తా అనుమానమైంది. పైగా కింది ముక్క మొదట్లో, మోసే అక్షరం లేని ఆ కొమ్ముకు కంప్యూటర్ ఒక చుక్కల సున్నను తగిలించింది. అన్న ఫోన్ చూసి పడీపడీ నవ్వాడు. వదిన నవ్వలేదు. "నేను రాసింది రాసినట్టు పోతదంటేనే రాస్త. లేకుంటే వద్దు," అంది.

ఆ లైబ్రరీ రాసినవాళ్లకు సంగతంతా వివరంగా రాశాను. ఇలా జరగడం అరుదని, ఇప్పట్లో చూడలేమని జవాబు వచ్చింది. అరుదా? నాకు ఒళ్లు మండిపోయింది. గుణింతం లేకుండా తెలుగులో నాలుగు మాటలు రాసి చూపించమనండి, నేను ఈ పని మానేస్తాను. లైబ్రరీ నేనే రాస్తానని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాను.

పొద్దున ఆఫీసు పని మొదలుకాకముందు, దుకాణంలో వదిన పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ని. లాగిన్ కుదిరింది. ఫోటోలు వెళ్లాయి. సైటు ఆగమంటే ఆగడం, కాసేపయ్యాక మళ్లీ అడగడం కూడా నేర్పాను. పేచీ అంతా కోతతోనే. అక్షరాలను విడదీయడానికి దొరికే రెడీమేడ్ కోడ్ గుణింతాన్ని పట్టుకుంది గానీ ఒత్తును వదిలేసింది. "అమ్మ"లో సగాన్ని ఇటు, సగాన్ని అటు పడేసింది.

"అమ్మను గూడ రెండు చేసిందా? గదేం కోడయ్యా," అంది వదిన, కుండ మీదినుంచి చెయ్యి తీయకుండానే.

"నువ్వు మాటలు చెప్పు వదినా. ఒక్కొక్కటి కోసి చూస్త."

ఆమె బొమ్మ వేస్తూనే మాటలు అందించింది. శ్రీ, లక్ష్మి, పచ్చడి, రాక్షసుడు, ఆ తర్వాత మా అన్న మీద కోపంతో మొండోడు, ఇంకోసారి మొండోడు. ఒత్తు ఏ అక్షరానిదో దాన్ని విడవకూడదు, గుణింతం దానితోనే ఉండాలి. చిన్నప్పుడు పలక మీద నేర్చుకున్నదే కోడ్‌కు నేర్పాను. ఎన్ని మాటలు వేసినా ఒక్కటీ విరగలేదు. నేను కాలర్ ఎగరేశాను.

"లాల్‌దర్వాజా ఎయ్యి," అంది.

వేశాను. ద వెళ్లి ల కింద ఒత్తుగా వేలాడుతూ "లాల్దర్వాజా" అని వచ్చింది. వదిన స్క్రీన్ మీదికి వంగి చూసింది. "మన దర్వాజ పోయి ల కింద దాక్కున్నదేంది? జనం లోపలికెట్ల రావాలె?"

తప్పు నాదే. వాట్సాప్‌లోంచి కాపీ చేస్తే కంటికి కనిపించని గుర్తులు కొన్ని వెంట వస్తాయి. చెత్త అనుకుని, అన్నిటినీ ఊడ్చేసే లైను ఒకటి రాసి పెట్టాను. పొల్లు ల కిందికి పక్కనున్న ద జారిపోకుండా విడిగా నిలబెట్టేది కూడా అలాంటి కనిపించని గుర్తే. ఆ లైను తీసేశాక మా పేట పేరు సక్రమంగా వచ్చింది.

"ఇప్పుడు నాది పెట్టు," అంది వదిన. పాత పోస్టే, ఒక్క మాట కూడా తగ్గించలేదు. పెట్టాను. "కదలదు" కొమ్ముతో సహా నిలిచింది. ఆమె ఫోన్‌లో మొదటినుంచి చివరిదాకా పైకి చదువుకుని, తలూపి, మళ్లీ కుండ అందుకుంది. నాకెంత సంబరమైందో చెప్పలేను. ఆ లైబ్రరీని నేనూ ఊరికే అందరికీ పంచిపెట్టాను. దాని పరీక్ష మాటల్లో మొండోడు ఇప్పటికీ ఉన్నాడు.

మాదన్నపేట మార్కెట్లో కూరగాయలు కొన్నవాళ్లు పోస్టు చూసి సంచులతోనే ఇటు వచ్చారు. గౌలిపుర ఆమె కుండను నెత్తిన పెట్టుకుని, దుకాణం ముందు అటూ ఇటూ నడిచి చూసుకుని మరీ తీసుకుంది. బోనాల ఆదివారానికి ముందే కుండలన్నీ పోయాయి.

పండుగైన తర్వాతి వారం మొబైల్ కవర్లాయన వచ్చాడు. కౌంటర్ మీద చెయ్యి వేసి, "క్యా భాయ్, ఖాళీగనే ఉంది గద. సామాన్ తెచ్చుకోనా?" అని అన్నను అడిగాడు.

"ఖాళీ లేదు," అంది వదిన వెనకనుంచి. "దీపావళికి ప్రమిదలు పెడుతున్న."

ఆమె అన్నను అడగలేదు, అన్న వైపు చూడలేదు. కవర్లాయన మాత్రం ఇంకా అన్న ముఖమే చూస్తున్నాడు.

"నన్నేం చూస్తవ్ భాయ్," అన్నాడు అన్న. "మాల్కిన్ చెప్పింది గద."