జాజు పక్కన నీలం

2018, మాఘమాసం. మహబూబ్‌నగర్‌లో బస్టాండుకు పోయే దారిలో మా పెండ్లి కార్డుల దుకాణం. ముందు గదిలో గోడ నిండా నమూనా కార్డులు. వెనక గదిలో రెండు ప్రింటింగ్ బల్లలు, కార్డులు ఆరబెట్టే చెక్క రాకులు, నా కంప్యూటర్. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి పన్నెండేళ్ళు. రంగుల గురించి నాకు తెలియనిది లేదన్న పొగరుకు కూడా దాదాపు అంతే వయసు.

కార్డుల రంగులు కూడా చీరల రంగుల్లాగే ఏటేటా మారుతుంటాయని బయటివాళ్ళకు తెలియదు. దసరా దాటగానే హైదరాబాద్ నుంచి ఏజెంట్లు లావుపాటి ఆల్బములతో దిగుతారు. వచ్చే లగ్గాలకు ఏది నడుస్తుందో వాళ్ళు మాకు చెబుతారు, మేము పెండ్లివాళ్ళకు చెబుతాం. నేను పనిలో చేరిన రోజుల్లో పసుపు, ఎరుపు కాకుండా ఇంకో రంగు ముందు పెడితే పెద్దవాళ్ళు చేయి వెనక్కి తీసుకునేవారు. తెలంగాణ వచ్చిన కొత్తలో కార్డు మీద బతుకమ్మ బొమ్మ వేయమని అడగని ఇల్లు లేదు. ఆ తర్వాత మెరూన్ మీద బంగారు ఫాయిల్ వచ్చింది. ఫాయిల్ అంటే పలుచటి రేకును వేడి అచ్చుతో కాగితానికి అతికించడం. నేను చెబుతున్న ఏడు మాత్రం ఆల్బమ్ తెరిస్తే అన్నీ లేతరంగులే. పీచ్, పిస్తా, లావెండర్.

"ముదురు రంగుల పని అయిపోయింది మేడమ్" అన్నాడు ఏజెంటు. నేను మెరూన్ కార్డులన్నీ అటకెక్కించాను.

అదిగో, ఆ లేతరంగుల కాలంలో వచ్చాడు బీరయ్య. భుజం మీద గొంగడి, వెంట డిగ్రీ చదివే కూతురు భాగ్య. లగ్గం ఆ పిల్లదే. నేను పీచ్ రంగు కార్డులు తీసి బల్ల మీద పరిచాను. పిల్ల కళ్ళు వాటి మీదే ఉన్నాయి. బీరయ్య వాటివంక చూడలేదు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఒక ఎర్రమట్టి గడ్డ తీసి, నా పీచ్ కార్డు మీదే పెట్టాడు. గడపలకు, అరుగులకు పూసే జాజు.

"గీ రంగు కావాలె అమ్మా. దీని పక్కపొంటి నీలం. బట్టలకు పెట్టే నీలిమందు ఉంటది సూడు, గా నీలం."

ఆ రెండు రంగులూ పక్కపక్కన పెట్టమన్న మనిషి నాకు అదివరకు తగల్లేదు. నవ్వు ఆపుకొని, "గవి లగ్గం కార్డుకు మంచిగుండవు పెద్దయ్యా. ఎవరన్న సూస్తే ఏమంటరు?" అన్నాను.

"ఎవరన్న ఏమన్న అననీ. మా తమ్ముడు సూడాలె. ఒక్కడు."

మిగతాది భాగ్య చెప్పింది. బీరయ్యకు మల్లేశ్ అని ఒక్కడే తమ్ముడు. అన్నదమ్ములది ఒకటే మంద. ఎండాకాలం వస్తున్నదంటే గొర్రెలను తోలుకొని ఆత్మకూర్ దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోతారు. అక్కడ పది మందలు కలుస్తాయి కాబట్టి ఎవరి గొర్రె ఏదో తెలియడానికి రంగు గుర్తులు పెడతారు. వీళ్ళ గుర్తు మెడ మీద జాజు పట్టీ, వెనక నీలి చుక్క. మూడేళ్ళ కింద మంద పంచుకున్నారు. గొర్రెలను పంచుకోవడంలో పేచీ రాలేదట, గుర్తు దగ్గర వచ్చింది. పెద్దోణ్ణి కాబట్టి గుర్తు నాదే ఉండాలన్నాడు అన్న. మరి నేనెవ్వణ్ణి అన్నాడు తమ్ముడు. మాటామాటా పెరిగి, చివరికి జాజు అన్నకు, నీలం తమ్ముడికి పోయింది. అప్పటి నుంచి మాటల్లేవు.

"ఫోన్ జేస్తే ఎత్తుతలేడు అక్కా. మా ఊరోళ్ళు ముగ్గురు బేస్తారం పొద్దుగాల గా దిక్కే పోతున్రు. వాళ్ళతోని పత్రిక పంపాలె. చిన్నబాపుకు సదువు రాదు. చేతిల వెడ్తే రంగు జూసి తెలుసుకోవాలె, మల్ల ఇద్దరిదీ ఒక్కటే గుర్తని." ఆ పిల్ల తండ్రి గొంగడి అంచు పట్టుకుంది. "వానల బడికి పోతుంటే గొంగడిల సుట్టుకొని ఎత్తుకపోయెటోడు నన్ను. ఆయన రాకుంటే నాకు గీ లగ్గం మంచిగనిపియ్యది."

పీచ్ కార్డు మీద ఆశ ఉన్నా ఒక్కసారి కూడా అది కావాలనలేదు ఆ పిల్ల. నాకది అప్పుడే అర్థమైంది. అర్థమై కూడా నేను చేసిన పని చూడండి.

క్రీమ్ రంగు అట్ట, పైన అడ్డంగా జాజు పట్టీ, కింద కుడి మూల నీలి చుక్క, మధ్యలో అక్షరాలు. కంప్యూటర్‌లో ప్రూఫ్ తీశాను. ప్రూఫ్ అంటే అచ్చుకు ముందు చూపించే నమూనా. బీరయ్య తన మట్టిగడ్డను ప్రూఫ్ పక్కన పెట్టి చూసి రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. మూడోసారికి ఒప్పుకున్నాడు. నీలం దగ్గర పేచీ పెట్టలేదు. నీలం నీలమే కదా, అందులో ఏం తప్పు జరుగుతుందని అనుకున్నాడు పాపం.

అవి స్క్రీన్ ప్రింటింగ్ రోజులు. చట్రానికి సన్నని జాలీగుడ్డ బిగించి, దాని మీద రంగు పోసి, రబ్బరు పట్టీతో లాగితే కింద కాగితం మీద అచ్చు పడుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో చట్రం. మొదటి రోజు జాజు, అక్షరాలు వేసి ఆరబెట్టాను. రెండో రోజు నీలం కలిపి ఒకటి వేసి చూశాను. నా కళ్ళకు అది గిట్టలేదు. ఎర్రమట్టి పక్కన బట్టల నీలం, చూసినవాళ్ళు నా దుకాణం పేరు అడిగి మరీ నవ్వుతారనిపించింది. ఇంత తెలుపు కలిపాను. ఇంకాస్త కలిపాను. చక్కటి లావెండర్ వచ్చింది. ఆ ఏడు ఆల్బమ్‌లో ముందున్న రంగు. రెండొందల యాభై కార్డుల మీద ఆ చుక్కే వేసేశాను. వాళ్ళకు తెలియకుండా వాళ్ళకు మేలు చేస్తున్నానన్న సంతోషం కూడా కలిగింది నాకు. నిజం చెప్పాలంటే ఆ రోజు కూనిరాగం కూడా తీశాను.

బుధవారం మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు వచ్చారు. బీరయ్య ఒక కార్డు తీసి వెలుగులోకి పట్టుకుని, జాజు పట్టీ మీద వేలు పెట్టి రాసి, తల ఊపాడు. వేలు కిందికి వచ్చి ఆగిపోయింది.

"నీలం ఏదమ్మా?"

"గదే పెద్దయ్యా. జర లేతగ ఏసిన. ఇప్పుడు గిదే నడుస్తాంది."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నడుస్తే నడవనీ. గిది నాది కాదు, మా తమ్మునిది కాదు. యాడనో తప్పిపోయొచ్చి మందల కలిసిన గొర్రె లెక్క ఉన్నది" అన్నాడు.

భాగ్య కార్డు చేతిలో పట్టుకొని నిలబడింది. "అక్కా, గీ కార్డు పోకున్న మంచిగుండు. నా రంగుల నీళ్ళు కలిపి పంపిండు మా అన్న అనుకుంటడు చిన్నబాపు. ఇగ ఎప్పటికీ రాడు."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. పన్నెండేళ్ళలో అక్షరం తప్పు పోయిన కార్డులున్నాయి, ముహూర్తం తేదీ తారుమారైనవి కూడా ఉన్నాయి. అవన్నీ పొరపాట్లు. ఇది నేను తెలిసి, తలచి చేసింది. మళ్ళీ వేద్దామంటే అట్ట లేదు, ఆరడానికి టైము లేదు. ఊరివాళ్ళు తెల్లవారి బయలుదేరతారు. ఆ మాటే చెప్పి, తప్పు నాదేనన్నాను.

బీరయ్య కార్డు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. వెళ్ళిపోయాడనే అనుకున్నాను. కాసేపటికి కిరాణా దుకాణం నుంచి నీలిమందు పొట్లం పట్టుకుని వచ్చాడు. "గిన్నె ఉంటే ఇయ్యమ్మా. జర జిగురు గూడ." నేను నీళ్ళు, జిగురు పోసి కలిపి ఇచ్చాను. గొంగడి అంచు నుంచి ఇంత ఉన్ని పీకి, ముద్దగా చుట్టి, నీలంలో ముంచి, నా లావెండర్ చుక్క మీద అద్దాడు. గొర్రె మీద ఎలా అద్దుతాడో అలాగే. అద్ది, చిన్నగా ఎడమకు లాగాడు.

ముగ్గురం వెనక గదిలో కూర్చున్నాం. నేను ఒక్కో కార్డు ఆయన ముందు పెట్టడం, ఆయన అద్దడం, ఆరినవి తీసి భాగ్య నాలుగు మూలలకు పసుపు పెట్టడం. ఒక చుక్క పెద్దది, ఒకటి చిన్నది, ఒకదానికి ఉన్నిపోగు అతుక్కుని తోక వచ్చింది. రెండొందల యాభైలో ఒకదానికి ఇంకోదానికి పోలిక లేదు. కొన్నింటి అంచున నా లావెండర్ సన్నగా తొంగిచూస్తూనే ఉంది. గదంతా తడి ఉన్ని వాసన. పొద్దుగూకే లోపల అన్నీ రాకులకెక్కాయి. దూరంగా నిలబడి చూస్తే, ఆ రాకుల్లో నిజంగానే ఒక మంద నిలబడినట్టుంది.

లగ్గమైన పది రోజులకు భాగ్య లడ్డూల డబ్బాతో దుకాణానికి వచ్చింది. ఆమె చెప్పిందే చెబుతున్నాను. మల్లేశ్ ఆ కార్డును తలకిందులుగా పట్టుకున్నాడట. జాజు చూసి మొహం తిప్పబోయి, నీలం దగ్గర ఆగాడట. జాజు పైకి వచ్చేలా తిప్పి, చుక్కను గోటితో గీకితే పొడి వేలికంటింది. తెచ్చినవాళ్ళతో, "గిది మిషన్‌ది కాదు. మా అన్న పెట్టిండు. ఎడమకు గుంజిండు సూడు" అన్నాడట. మందను పక్కవాళ్ళకు ఒప్పజెప్పి, లగ్గానికి నాలుగు రోజుల ముందే ఇంటి ముందు దిగాడు. మూడేళ్ళ తర్వాత అన్నతో ఆయన మాట్లాడిన మొదటి మాట, "పందిరికి ఆకు ఎవరు కొట్కొస్తున్రు?"

"మా బాపు కత్తి తీసి చేతికిచ్చిండు. గంతే అక్కా" అంది భాగ్య. ఆ రోజు నేను డబ్బాలో సగం లడ్డూలు తినేశాను, సంతోషం పట్టలేక.

ఆ తర్వాత మా పని చాలా మారిపోయింది. చట్రాలు, జాలీగుడ్డలు అటకెక్కాయి. రంగులన్నీ ఒకేసారి వేసే మిషన్ వచ్చింది. చాలామంది ఫోన్‌లో వీడియో కార్డు పంపి, దేవుడి ముందు పెట్టడానికి యాభై కాగితం కార్డులు వేయించుకుంటున్నారు. ఒకప్పుడు మాఘమాసమంతా మా వెనక గది నుంచి సిరా వాసన వీధిలోకి వచ్చేది. ఇప్పుడు రాదు. దుకాణం తెరిచిన వెంటనే అలవాటు కొద్దీ ఆ వాసన కోసం ఊపిరి పీలుస్తాను. ఇంకో అలవాటు కూడా అయింది. అప్పట్లో ఎవరు వచ్చినా "ఏం రంగు సూపియ్యాలె?" అని అడిగేదాన్ని. బీరయ్య తర్వాత నుంచి "గీ కార్డు ముందుగాల ఎవరికి ముట్టాలె?" అని అడుగుతున్నాను. దానికి జవాబు చెబుతూ చెబుతూ చాలామంది రంగు వాళ్ళే చెప్పేస్తారు.

మొన్న దసరా తర్వాత కొత్త ఏజెంటు ఆల్బమ్ తెరిచాడు. "ఈసారి లేతరంగులు పోయాయి మేడమ్. రాబోయేదంతా మట్టిరంగులు. టెర్రకోట, దాని పక్కన ముదురు నీలం. చేత్తో అద్దినట్టుండే డిజైన్లు" అన్నాడు. చూశాను. అచ్చం జాజే. పక్కన నీలి చుక్కలు, మిషన్ వేసినవి, అన్నీ ఒక్క తీరే. నేను సొరుగులోంచి బీరయ్య కార్డు తీసి చూపించాను. ఆ కుర్ర ఏజెంటు తిప్పి తిప్పి చూసి, ఏ కంపెనీది మేడమ్ అని అడిగాడు. గొర్రెల మంద కంపెనీ అన్నాను. పేరు రాసుకోబోయాడు.

ఈ మాఘంలో ఒకాయన వచ్చాడు. భుజం మీద గొంగడి. ప్లాస్టిక్ కవర్‌లోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నీలం సగం రాలిపోయింది, జాజు అలాగే ఉంది.

"మా పిలగాని లగ్గం అమ్మా. మల్లేశ్ నా పేరు. గిదే గుర్తుతోని కార్డులు కావాలె."

నేను హుషారుగా కొత్త ఆల్బమ్ తెరిచి, పాత కార్డు పక్కన పెట్టి చూపించాను. రెండు రంగులూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ఇప్పుడు మూడు ప్రూఫులు అక్కర్లేదు, అన్నీ మిషనే వేస్తుందన్నాను. ఆయన జాజు పట్టీ మీద వేలు పెట్టి కాసేపు చూశాడు.

"రంగు కుదిరింది. నీలం నువ్వే ఎయ్యి, అది నాదే గద. జాజు జాగ మాత్రం ఖాళీ ఉంచమ్మా. గది మా అన్న పెడ్తడు."

ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని పై పట్టీ చెరిపేశాను. బీరయ్య చేయి ఎడమకు లాగుతుంది కాబట్టి అటువైపు ఇంకాస్త జాగా వదిలాను.