బుడ్డల చప్పుడు, ఇరవై ఏడు వేల హెడ్‌ఫోన్

2006 జనవరిలో నేను కడపలోని ఒక జానపద ధ్వని భాండాగారంలో ధ్వని విభాగాధికారిగా ఉన్నాను. పల్లెల్లో రికార్డు చేసిన పాత టేపులను కంప్యూటరులోకి ఎక్కించడం మా పని. ప్రతి టేపునూ హెడ్‌ఫోన్ పెట్టుకొని ఆసాంతం వినాలి, ఎక్కడ దెబ్బతిన్నదో రాసుకోవాలి. పాత టేపు తిరిగినప్పుడల్లా దాని పైపూత కొంత రాలుతుంది కనుక మళ్లీ మళ్లీ వినే వీలుండదు.

ఆ ఏడాది పరికరాల నిధిలో ఒక్క కొనుగోలుకే అవకాశం మిగిలింది. మార్చి దాటితే అదీ వెనక్కి పోతుంది. నా సాంకేతిక సహాయకుడు ఖాజా నాకన్నా నాలుగేళ్లు పెద్ద. టేపు యంత్రానికి కొత్త హెడ్డు కావాలని అతడన్నాడు. హెడ్డు అంటే టేపును తాకుతూ దానిలోని శబ్దాన్ని అందుకొనే చిన్న లోహపు ముక్క. నేను మాత్రం బెంగళూరు వ్యాపారి పరీక్షకు పంపుతానన్న విదేశీ హెడ్‌ఫోన్ కొందామన్నాను. ముందటి ఏడాది దాని ధర పద్దెనిమిది వేలు. ఇప్పుడు ఇరవై ఏడు. ఇంకా పెరుగుతుందని వ్యాపారి రాశాడు. అంతలా పెరుగుతున్నదంటే అందులో ఏదో ఉండి తీరాలని నాకు తోచింది.

మా తాతగారి కాలంలో బనగానపల్లె దగ్గర మాకు మామిడితోటలుండేవి. మా ఇంట్లో కచేరీలు జరిగేవి. తోటలు పోయినా చెవి మిగిలిందని మా నాన్నగారు అనేవారు. ఆ మాట నేను నమ్మాను.

హెడ్‌ఫోన్ వచ్చిన మధ్యాహ్నం ఫ్యాను ఆపించి ఒక టేపు పెట్టించాను. కోసిగి ప్రాంతపు స్త్రీ బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, ఒలుస్తూ పాడిన పాట అది. ఆ గొంతు చెవుల్లో కాక నొసటి వెనుక ఎక్కడో దిగింది. ఎర్రనేల మీద ఎండ వాలుతున్నట్టు, దూరాన ఎవరో నడిచి వస్తున్నట్టు, ఎంతసేపటికీ వస్తూనే ఉన్నట్టు అనిపించింది. నేను మా పాత హాల్లో, ఎన్నడో అమ్మేసిన తివాచీ మీద కూర్చొని ఉన్నాను. టేపు అయిపోయి ఖాళీ చక్రం తిరుగుతున్నా లేవలేదు. ఆ సాయంత్రమే సిఫారసు రాసి సంతకం చేశాను.

“సార్, శబ్దం రవ్వంత ఎక్కువైతే ఏదైనా బాగున్నట్టే ఉంటాది. పాతదీ కొత్తదీ సమానం చేసి ఇనండి” అన్నాడు ఖాజా. మా వృత్తిలో అది మొదటి పాఠం. అవసరం లేదన్నాను.

పదిరోజులకు ఆ గాయని కూతురు ఈరమ్మ వచ్చింది. మిరపకోతలకు గుంటూరు వైపు పోయేలోగా తల్లి గొంతు ఒకసారి వినాలని, గుంతకల్లులో రైలు మారి వచ్చింది. తల్లి పోయి పన్నెండేళ్లయింది. ఇంట్లో ఒక్క ఫోటో అయినా లేదట. కొత్త హెడ్‌ఫోన్ ఆమె తలకు నేనే అమర్చాను.

“ఏం సారూ, ఎద్దుకు కాడి పెట్టినట్టు పెడ్తాండారే!” అని నవ్వింది.

పాట మొదలవగానే కళ్లు మూసుకొంది. ఒళ్లోని వేళ్లు వాటంతట అవే కాయలు ఒలవసాగాయి. కాసేపటికి ఆగిపోయాయి.

“మాయమ్మే. అయితే బుడ్డలొలిచే సప్పుడు యాడ పాయె? గోటికింద కాయ పటుక్కుమంటేనే ఆయమ్మకు తర్వాతి మాట వచ్చేది. చేతులు కట్టేసి పాడించినారా ఏంది?”

ఆ చప్పుడు రికార్డు కాలేదేమో, ఇంతకన్నా మంచి హెడ్‌ఫోన్ మా దగ్గర లేదు అన్నాను. ఆమె ఖాజా వైపు తిరిగి, “ఈ సారుకు ఇనపడల్యా. నువ్వన్నా చూడప్పా” అంది.

ఖాజా శబ్దాన్ని కొలిచే మీటరు పెట్టి పాత హెడ్‌ఫోన్ శబ్దాన్ని కొత్తదానికి సమానం చేసి ఆమెకు వినిపించాడు. ఏది ఎంత ఖరీదో ఆమెకు తెలియదు. “రెండిట్లోనూ మాయమ్మ దుప్పటి కప్పుకోని పాడతాండాది” అంది. నేనూ విన్నాను. కొత్తది వినడానికి హాయిగా ఉంది. బుడ్డల చప్పుడు మాత్రం దేనిలోనూ లేదు.

ఖాజా యంత్రం మూత తీసి నా చేతికి భూతద్దం ఇచ్చాడు. “గాడి పడింది చూడండి సార్. సన్న శబ్దాలన్నీ ఈడనే పోతాండాయి.” హెడ్డు కొద్దికొద్దిగా అరిగింది. ఆ మసక శబ్దానికి నా చెవి రోజురోజుకూ అలవాటు పడింది.

సంతకం చేసిన సిఫారసు వెనక్కి తీసుకోవాలంటే కారణం రాయాలి. ‘నా అంచనా తప్పు’ అని రాశాను. ఇంకాస్త మెత్తగా రాయవచ్చు కదా అన్నారు డైరెక్టరు గారు. అక్కర లేదన్నాను.

హెడ్డు మార్చిలో వచ్చింది. ఖాజా దాన్ని బిగించి సరిచేశాక ఆ టేపును ఒకేసారి తిప్పి కంప్యూటరులోకి ఎక్కించాము. చెవి దిండ్లు చిరిగిన పాత హెడ్‌ఫోన్‌లోనే ప్రతి చరణం చివరా కాయ చిట్లింది. కోతలు ముగించుకొని తిరిగిపోతూ ఈరమ్మ కడపలో దిగింది. ఈసారి పాట సాగినంతసేపూ ఆమె వేళ్లు ఆగలేదు. అయిపోయాక “ఇంగోసారి పెట్టప్పా” అంది. టేపుతో పని లేదు కనుక అడిగినన్నిసార్లు పెట్టాము.

ఖరీదైన హెడ్‌ఫోన్ మోసమని నేననను. యంత్రం నుంచి వచ్చే శబ్దం బాగున్నచోట అది కొనదగినదే. శబ్దం ఎక్కడ పోతున్నదో వెతకకుండా చెవి దగ్గర డబ్బు పెడితే, మిగిలినదాన్నే మరింత హాయిగా వింటాం. ఆ హాయిలో, పోయినది ఒకటుందని కూడా తెలియదు.