కుప్పలో ద్వారబంధం

మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, ఏలూరులో కాలవల ఓవర్సీరు. ఆయనకి పని కన్నా ఇంగ్లీషు మీద మోజెక్కువ. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఎవడో దొర ఈయన ఇంగ్లీషు మెచ్చుకున్నాడట. అప్పట్నించీ ఈయన మా ప్రాణాలు తోడేశాడు.

పందొమ్మిదివందల ముప్ఫైల్లో ఒక ఏడు కొల్లేరు పొంగి, చేపలు పట్టుకునేవాళ్ల లంక మునిగింది. వాసాలు, తాటాకులు, వలలు అన్నీ కొట్టుకొచ్చి కాలవ లాకు తలుపుల దగ్గర కుప్పపడ్డాయి. ఆ అడ్డం తీయించడానికి వెళుతూ బావగారు నన్నూ తీసుకెళ్లారు.

కుప్పని చూసి, "డెబ్రీ" అన్నారు ముచ్చటగా. "ఫ్రెంచి మాటోయ్. విరగ్గొట్టడం అనే మాటలోంచి పుట్టింది. ముక్కలై చెల్లాచెదురుగా మిగిలిందంతా డెబ్రీయే."

ఇంగ్లీషువాళ్లే పరాయివాళ్ల దగ్గర ఎరువు తెచ్చుకున్న మాట. దాన్ని చూసుకుని ఈయనకి మిడిసిపాటు. కొంపలు మునిగి జనం ఏడుస్తుంటే, ఈ పెద్దమనిషి మాట పుట్టుక చెబుతూ మీసం దువ్వుకున్నాడు.

ఆ లంకలో ఒక ఆనవాయితీ ఉంది. వరద తీశాక, తమ ఇంటి పాత ద్వారబంధం తెచ్చి ఇదివరకటి చోట నిలబెట్టిన వాళ్లదే ఆ చోటు. బంధం పోతే చోటూ పోయినట్టే. దానికోసమే ఒంటరి ముసలమ్మ ఒకామె కుప్పంతా వెతికి, పసుపు మరకలు గుర్తుపట్టి, తన బంధం మీద చెయ్యి వేసింది.

"ఇది మాదండీ బాబుగారూ. ఇప్పించండి."

"ఒకళ్లకిస్తే అందరూ వస్తారు. ఇదంతా డెబ్రీ. కాల్చేస్తాం," అన్నారు బావగారు.

ఆమె నా వైపు తిరిగింది. "అంటే ఏంటండీ?"

"విరిగి ముక్కలైపోయిందని," అన్నాను.

"మాది విరగలేదండీ. తడిసిందంతే."

"ఒక్కటి వదిలెయ్యండి బావగారూ," అని బతిమాలాను. ఆయన నవ్వి, కిరసనాయిలు పోయించారు. ఛీ, ఇంత చదువూ ఇందుకా అని ఒళ్లు మండిపోయింది. ఆమె పొగలోనే నిలబడింది.

సాయంత్రం పడవ మీద ఆమె పొరుగువాళ్లు వచ్చారు. వాళ్ల చోటుని వరద కోసుకుపోయింది. బంధం మాత్రం దక్కింది. పడవలోంచే మర్యాదగా అడిగారు.

"పిన్నీ, మీ బంధం తెచ్చుకుంటారాండీ, మీ చోట్లో మాది నిలబెట్టుకోమంటారా?"

ఆమె మంట వైపు చూసింది.

"నిలబెట్టుకోండమ్మా," అంది.