అమ్మ పడవకి నాన్న మరమ్మతులు

మా తాత అమ్మకి పసుపు కుంకుమ కింద పడవ ఇచ్చాడు. లోకంలో ఎవరైనా కూతురికి అరెకరమో ఎకరమో రాసిస్తారు, కాదంటే పాడిగేదెని తోలి పంపిస్తారు. తాతది కృష్ణకి అవతలి ఒడ్డు, గుంటూరు జిల్లా. లంకలో పొలానికి తిరగడానికి చేయించుకున్న చిన్న తెరచాప పడవని తెచ్చి, చిన్నప్పటి నుంచి దాన్ని నడిపిన కూతురికే ఇచ్చేశాడు. "పొలం ఇస్తే అక్కడే పడుంటుందమ్మా. ఇదైతే నిన్ను మా ఇంటికి తెస్తుంది" అన్నాడట.

నాన్న వైపు చుట్టాలు ఈ మాట చెప్పుకుని చాలా కాలం నవ్వుకున్నారు. ముక్త్యాలకి కొంచెం దిగువన, ఏటి ఒడ్డునే మా ఊరు. అయినా మావాళ్లంతా మెట్ట రైతులు. మిరప, పత్తి, కంది, వాటికి కావలసిన వాన, ఇవే వాళ్ల లోకం. ఏరంటే గేదెల్ని కడుక్కునే చోటు, అంతకు మించి దానితో వాళ్లకి పనిలేదు. ఆడమనిషి చుక్కాని పట్టడం ఏమిటని మా నాయనమ్మ మొదట్లో మూతి తిప్పుకునేదట. అవతలి లంక నుంచి దోసకాయలు బస్తాలుగా రావడం మొదలయ్యాక ఆవిడ మూతి సర్దుకుంది.

నాన్నకి నీళ్లంటే భయం. ఈ సంగతి ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్లం కాదు గాని, గొడ్లకి కూడా తెలుసు. వానాకాలంలో అత్తగారింట్లో ఏదైనా కార్యం వస్తే ఆయన తెల్లారకుండా లేచి జగ్గయ్యపేట వెళ్లి బస్సెక్కి, నందిగామ, బెజవాడ, గుంటూరు, సత్తెనపల్లి అన్నీ చుట్టి దీపాలు పెట్టే వేళకి దుమ్ము కొట్టుకుపోయి అక్కడ దిగేవాడు. అమ్మ నన్నూ తమ్ముణ్ణీ పడవలో కూర్చోబెట్టుకుని, పొయ్యి మీద పప్పు ఉడికేంత సేపట్లో వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చునేది. ఎండాకాలం ఏట్లో నీళ్లు మోకాళ్లకి దిగిపోతే మాత్రం నాన్న పంచె ఎగ్గట్టుకుని ఇసకలో నడిచి అత్తగారింటికి వెళ్లేవాడు. అందుకని మా మామయ్య ఆయనకి 'ఎండాకాలం అల్లుడు' అని పేరు పెట్టాడు. నాన్న ఉడుక్కునేవాడు కాదు. "ఎండాకాలమైనా వస్తున్నాగా బావా" అనేవాడు.

ఇంత భయస్థుడు ఆ పడవకి చేసే సేవ చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. ఉగాది వెళ్లి ఏరు సన్నబడగానే పడవని ఒడ్డుకి లాగించి, తుమ్మచెట్ల దగ్గర తాటాకు పందిరి వేసి దాని కింద బోర్లించేవాడు. ఇక తొలకరి దాకా మధ్యాహ్నాలన్నీ ఆ పందిరిలోనే. అడుగున పట్టిన పాచి గీకేవాడు. చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లోంచి పాత దూది పీకేసేవాడు. మా చేలో పత్తినే లావుపాటి వత్తులుగా పేని, నూనెలో ముంచి, ఉలి పెట్టి సుత్తితో కొట్టి ఆ సందుల్లో కూరేవాడు. దాని మీద జగ్గయ్యపేటలో కొనుక్కొచ్చిన గుగ్గిలం నూరి, వేపనూనెలో కాచి పూసేవాడు. ఆ వాసన ఊరంతా ఉండేది. ఇప్పటికీ గుగ్గిలం పొగ ఎక్కడ తగిలినా నాకు ముందు బడి సెలవులు గుర్తొస్తాయి, దేవుడు తర్వాత.

మరమ్మతుల దగ్గర ఆగితే బాగానే ఉండేది. నాన్న మెరుగులు కూడా దిద్దేవాడు. ఆయనకి తెలిసిన వాహనం ఎద్దుబండి ఒక్కటే. కాబట్టి పడవలో ఏది కాస్త బలహీనంగా కనబడ్డా బండికి చేసినట్టే దానికీ చేసేవాడు. ఒక ఏడు పడవ మూతికి బండిచక్రం ఇనప పట్టీ కొట్టించాడు. ఆ బరువుకి పడవ అలిసిన ఎద్దులా ముందుకి తల వంచింది. ఇంకో ఏడు తెరచాప గుడ్డ పలచగా ఉందని నందిగామ లారీ షెడ్డు నుంచి పాత టార్పాలిన్ తెచ్చి, ఎండలో కూర్చుని గోనె సూదితో తనే కుట్టాడు. దాన్ని పైకెత్తాలంటే నలుగురు కావాలి, నింపాలంటే తుఫాను రావాలి. మరో ఏడు రెండు పక్కలా లారీ ట్యూబులు గాలి కొట్టి కట్టాడు. అమ్మ వేసవంతా చూస్తూ ఊరుకునేది. ఏరు నిండి పడవ నీళ్లలోకి దిగిన రోజున మాత్రం ఆ మెరుగులన్నీ ఒక్కొక్కటే ఊడదీసి ఒడ్డున పెట్టేది. టార్పాలిన్ మా గడ్డివామి మీదకి వెళ్లింది. ట్యూబులు మేము తీసుకున్నాం. నాన్న వచ్చే వేసవికి ఇంకోటి ఆలోచించేవాడు. వాళ్లిద్దరి మధ్యా నేను చూసిన పోట్లాట ఇదొక్కటే. అది కూడా నోరు విప్పకుండా నడిచింది.

ఎనభైలు మొదలైన కొత్తల్లో, నేను జగ్గయ్యపేటలో హైస్కూలుకి వెళ్తున్నప్పుడు, శ్రావణంలో చేసేటట్టు మామయ్య కూతురి పెళ్లి కుదిరింది. మామయ్య భార్య అప్పటికి చాలా ఏళ్ల కిందటే పోయింది. కన్యాదానం దంపతులు చేయాలి. తల్లిలేని పిల్లకి మేనత్త, ఆమె భర్త పీటల మీద కూర్చోవాలని మామయ్య ఏరు దాటి వచ్చి అడిగాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ పిల్లని పసిగుడ్డుగా ఉన్నప్పుడు తన ఒళ్లో పెట్టుకుని నిద్రపుచ్చిన మనిషి. "పీటల మీద మీరు లేకపోతే నేనూ ఉండను" అని నాన్నకి ఒక్కసారే చెప్పింది. "ముందురోజే బస్సెక్కి వచ్చేస్తా" అన్నాడు నాన్న.

ఆ వేసవి నాన్న చెయ్యి ఆగలేదు. పెళ్లి సారె, పిండివంటలు, మేము, అన్నీ ఆ పడవలోనే దాటాలి. ఏటా కూరేదానికి రెట్టింపు దూది కూరాడు. ఎండకి చెక్కలు ఎండి సందులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక్క చుక్క రాకూడదని పట్టుబట్టి, బండి ఇరుసుకి చీలలు దిగ్గొట్టినట్టు దిగ్గొట్టాడు. అమ్మ ఆవకాయ హడావిడిలో అటు రాలేదు. ఆషాఢంలో ఏరు పెరిగింది, పడవని నీళ్లలోకి తోశారు. మూడో రోజు పొద్దున చూస్తే అడుగు చెక్క ఒకటి మేకులు ఊడి బయటికి పొడుచుకొచ్చి, పడవ సగం మునిగి ఉంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అలా అయింది.

అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి చెక్కని చేత్తో తడిమి చూసింది. నాన్న గట్టు మీదే ఉన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

"చెక్క నీళ్లు తాగితే ఒళ్లు చేస్తదండీ. దానికి కాస్త చోటు ఉంచాలి. మీరు ఊపిరాడకుండా కూరేశారు" అంది అమ్మ. గొంతులో కోపం లేదు.

"చోటుంచితే నీళ్లు కారవూ?"

"కారతాయి. నాలుగు రోజులు కారి, అదే మూసుకుంటది."

"కారుద్దని తెలిసీ వదిలెయ్యమంటావా?"

"ఆఁ" అంది అమ్మ.

కొత్త చెక్క కోసం నందిగామ కలప అడితికి తిరగడంలో, వానలకి వడ్రంగి రాకపోవడంలో పెళ్లి నెత్తి మీదకి వచ్చింది. చివరికి చెక్క బిగించాక దూది కూరడానికి ఇద్దరూ కూర్చున్నారు. నాన్న సుత్తి ఎత్తుతుంటే అమ్మ పక్కనే ఉండి "చాలు" అనేది. ఆయన ఇంకో దెబ్బ కోసం చెయ్యి లేపితే ఆ చెయ్యి పట్టుకునేది. అలా వదులుగా వదిలిన ఒక్కో సందునీ నాన్న వెనక్కి తిరిగి తిరిగి చూసుకున్నాడు. ఏడుస్తున్న పిల్లని బళ్లో వదిలి వచ్చే తండ్రులు అలా చూస్తారు. పడవ నీళ్లలోకి దిగేసరికి పెళ్లికి రెండు రోజులు కూడా లేవు.

పెళ్లి ముందురోజు నాన్న పట్టుపంచె సంచీలో పెట్టుకుని చీకటితో బస్సుకి వెళ్లాడు. మేము పడవలోకి సామాను చేరుస్తుంటే, పొద్దెక్కాక అదే సంచీతో తిరిగొచ్చాడు.

"మునేరు రోడ్డెక్కిందంట. నందిగామ దగ్గరే బస్సులన్నీ ఆపేశారు. రేపటిక్కూడా కష్టమేనంటున్నారు" అన్నాడు.

పైన ఖమ్మం వైపు కురిసిన వానలకి మునేరు పొంగింది. కృష్ణ మాత్రం మా ముందు నిండుగా, నెమ్మదిగా పోతూ ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు నాన్న గట్టు మీద కూర్చున్నాడు. ఎక్కమని అమ్మ అడగలేదు. ఎక్కమంటే అది బలవంతం అవుతుంది. ఎక్కకపోతే రేపు పెళ్లికొడుకు కాళ్లు కడిగి తల్లిలేని ఆ పిల్లని దానం చేసేవాళ్లు ఎవరో పరాయివాళ్లవుతారు. అమ్మ కళ్లలో నీళ్లు తిరగడం నాకు కనబడింది. కాసేపటికి, "పోనీ ముక్త్యాల రేవుకెళ్లి పెద్ద పడవెక్కుతారా?" అంది.

నాన్న తల అడ్డంగా ఊపాడు. "దాని సందులు ఎవడు కూరాడో నాకేం తెలుసు? దీనికైతే నేనే కూరా" అని లేచి, చెప్పులు విడిచి చేత పట్టుకుని పడవెక్కాడు.

నడుమ చెక్క మీద కూర్చుని రెండు చేతులా రెండు అంచులూ పట్టుకున్నాడు. పడమటి గాలి. తెరచాప నిండగానే పడవ ఒక పక్కకి ఒరిగింది. నాన్న పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో చెప్పలేను. కొంచెం దూరం పోయామో లేదో కొత్త చెక్క పక్కన నీళ్లు ఊరడం మొదలైంది. ఆయన అమ్మ వైపు చూశాడు.

"తాగనివ్వండి" అంది అమ్మ, చుక్కాని వదలకుండా.

నేను చెంబుతో తోడి పోస్తుంటే నాన్న నా చేతిలోంచి చెంబు లాక్కున్నాడు. ఇక తల ఎత్తలేదు. నీళ్లు తోడడం, బయట పొయ్యడం. పడవ మూతి ఇసకలో గుచ్చుకున్నా ఆయన ఇంకా తోడుతూనే ఉన్నాడు.

"వచ్చేశామండీ."

నాన్న తలెత్తి చూశాడు. మామయ్య వాళ్ల రావిచెట్టు, వాకిట్లో పచ్చటి పందిరి ఎదురుగా ఉన్నాయి.

"ఇంతేనా?" అన్నాడు.

అమ్మ ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. "ఇంతే. ఇన్నేళ్లుగా ఇంతే" అని సారె బుట్ట ఎత్తి ఆయన నెత్తిన పెట్టింది.

మర్నాడు పీటల మీద అమ్మ నీళ్లు పోస్తుంటే నాన్న పెళ్లికొడుకు కాళ్లు కడిగాడు. మామయ్య స్తంభం పక్కన నిలబడి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

పెళ్లయిన మూడో రోజుకి మునేరు తగ్గిపోయింది. "బావా, బస్సులు తిరుగుతున్నాయంట" అని మామయ్య కబురు తెచ్చాడు. అందరం నాన్న బస్సుకే వెళ్తాడనుకున్నాం. సంచీ పట్టుకుని ఆయన మాతో ఏటి దాకా వస్తే సాగనంపడానికనుకున్నాం. "గుంటూరులో భోంచేసి ఎక్కండి, ఖాళీ కడుపుతో కూర్చోకండి" అని అమ్మ చెబుతూనే ఉంది. నాన్న సంచీ పడవలో పెట్టి, కొత్త చెక్క మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పొడిగా ఉంది.

"భయం వెయ్యట్లేదా?" అంది అమ్మ.

"ఎందుకెయ్యదూ? వేస్తంది."

"మరి బస్సుంది కదండీ."

నాన్న అంచు పట్టుకుని పడవలోకి కాలు పెట్టాడు. ఎక్కి కూర్చున్నాక అన్నాడు: "నువ్వు పిల్లల్నేసుకుని పుట్టింటికి వచ్చినప్పుడల్లా, పడవ తోసేసి నేను పొలం పోయాననుకుంటున్నావేమో. ఎప్పుడూ పోలా. తుమ్మచెట్ల దగ్గర నిలబడేవాణ్ణి. నువ్వు ఇక్కడ దిగి, పిల్లల్ని దించి, తెరచాప దించిందాకా అక్కడే. అట్టా నిలబడ్డప్పటి భయం ముందు ఈ భయం ఏపాటిదే."

అమ్మ పడవ తొయ్యలేదు. నడుంలోతు నీళ్లలో అంచు పట్టుకుని నిలబడి, ఏటికి అవతల మా ఒడ్డు వైపు చాలాసేపు చూసింది. తుమ్మచెట్ల దగ్గర గట్టు ఖాళీగా ఉంది.