మా పాత రివాల్వరుతో వట్లూరు దాకా

మా నాన్నగారు పటాలం నుంచి వచ్చాక, సైన్యం వాడేసి పక్కన పెట్టిన రివాల్వరు ఒకటి కొనుక్కున్నారు. ఆయన తర్వాత లైసెన్సు నాకొచ్చింది. ఇప్పుడు నా కళ్ళు మసకబారాయి. మా ఒక్కగానొక్క అమ్మాయి సుజాత పేరు మీదికి మార్చాలంటే, తను షూటింగ్ రేంజిలో కాల్చి శిక్షకుడి చేత సరేననిపించుకోవాలట. లేకపోతే తుపాకీ పోలీసులకు అప్పగించెయ్యాల్సిందే. ‘నేను కాలుస్తాను నాన్నగారూ’ అని తను అన్న రోజు నాకు అన్నం సహించలేదండీ, అంత సంతోషం.

తుపాకీతో బస్సెక్కడం ఎందుకని కారు మాట్లాడుకున్నాను, రానుపోను రెండువేల రెండొందలు. కలిదిండిలో ఆరున్నరకు బయలుదేరి, కైకలూరు మీదుగా కొల్లేరు దాటి ఏలూరు చేరేసరికి రెండు గంటలు పట్టింది. నాలుగు రోజులుగా ఎండ లేదు. దారి పొడుగునా చెరువుల్లో చేపలు నీళ్ళలో గాలి చాలక పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయని డ్రైవరు చెప్పారు. వింటుంటే మనసు బరువెక్కింది.

“ముసురు వదిలేలా లేదండీ,” అన్నారు డ్రైవరు బాషా గారు.

“పర్లేదండీ. ఇవాళ మా అమ్మాయి కాలుస్తుంది.”

ఆయన నా ఒళ్ళో పెట్టె వంక చూశారు. “ఎవర్నండీ?”

తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చిన సుజాతను ఏలూరు స్టేషన్లో ఎక్కించుకుని వట్లూరు దాటాం. రేంజి పొలాల మధ్య రేకుల షెడ్డు. రుసుము అయిదొందలు. మా పాత తుపాకీకి సరిపడే తూటాలు పన్నెండే దొరికాయి. వరసగా కాల్చే ఆరింట్లో మూడు గురికి పెట్టిన అట్టకు తగలాలన్నారు. మొదటి ఆరూ అట్ట పైనుంచి పోయి మట్టిగట్టులో దిగాయి.

“కాల్చేముందు మణికట్టు పైకి లేపుతున్నారమ్మా. ఎవరు నేర్పారండీ?” అన్నారు శిక్షకుడు.

ఎవరో నాకు తెలుసు. చిన్నప్పుడు మా చేపల చెరువు మీద వాలే నీటికాకుల్ని తోలడానికి తన చేతికి వడిసెల ఇచ్చి, రాయి పక్షికి తగలకూడదు, తల మీదుగా పోవాలి అని నేర్పింది నేనే. దగ్గరికి వెళ్ళి, “అది పిట్ట కాదమ్మా, అట్టముక్క,” అన్నాను.

“ఇన్నేళ్ళూ తగలకూడదన్నారు. ఇప్పుడేమో తగలాలంటారు. ఏదో ఒకటి తేల్చండి నాన్నగారూ.”

నవ్వుతూనే మణికట్టు బిగించింది. అయిదింట్లో నాలుగు తగిలాయి. “చాలండీ, పాసయ్యారు,” అన్నారాయన. నా కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు.

“ఆఖరిది మీరు కొట్టండి,” అంటూ సుజాత తుపాకీని బల్ల మీద పెట్టింది. నేను తీసి గురిపెట్టాను. ఎదురుగా అట్ట లేదు, గట్టు లేదు, అంతా బూడిదరంగు. తిరిగి బల్ల మీద పెట్టేశాను.

“కనబడనిదాని మీదికి కాల్చకూడదమ్మా. నువ్వే కానీ.”

తనే కాల్చింది. నేను చప్పుడు మాత్రం విన్నాను.

పేరు మారేదాకా ఉంచమని తుపాకీని ఏలూరులో లైసెన్సున్న తుపాకుల దుకాణంలో ఇచ్చి వచ్చాం. తిరుగు ప్రయాణంలో చినుకులు మొదలయ్యాయి. మా నాన్నగారి వస్తువు మా ఇంటి మనిషి దగ్గరే ఉంటుందని గుండె నిండిపోయింది. కానీ ఇక దాన్ని తుడవడానికి నూనె గుడ్డ వెతుక్కునే పని నాకు లేదు. కైకలూరు వచ్చేదాకా ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదండీ.

మీరూ వెళ్ళేట్టయితే, మీ తుపాకీకి సరిపడే తూటాలు ఎన్ని ఉన్నాయో ముందే ఫోన్ చేసి కనుక్కుని బయలుదేరండి.