మూట కుట్టే పాట కోసం

ఆ పొద్దు యేసన్న తల మీద పది ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. నల్లమాడ పక్కన ఏదో పార్టీ మీటింగు. టెంటు హౌసు తరఫున కూలికి వచ్చాడు. మైదానంలో సగం దూరం నడిచాడో లేదో, ప్రచారం బండిలో పాట మొదలైంది. ముందు గాజుల చప్పుడు. ఆ వెంట శెనక్కాయల పొట్టు పగిలే చిటపట. దాని కింద నింపాదిగా డప్పు. ఆ డప్పు తనదే. గాజులు అక్క స్నేహితురాలు రామాంజినమ్మవి. చాటలో కాయలు ఒలుస్తున్న చేతులు తన అక్క అక్కమ్మవి. పాడుతున్న గొంతు మాత్రం ఎవరిదో. "మొలవల్ల తల్లీ మొలవల్ల" అని, గింజ మొలవాలని నేలతల్లిని అడగాల్సిన చోట ఆ గొంతు ఒక నాయకుడి పేరు పెట్టి "గెలవల్ల అన్నా గెలవల్ల" అంటోంది.

ఎలా జరిగిందో యేసన్నకు అక్కడే అర్థమైపోయింది. ఆరు నెలల కిందట టౌన్లో స్టూడియో పెట్టుకున్న ఒకాయన, "పాట బాగుండాది, కార్డియ్యన్నా, శుభ్రం చేసిస్తా" అని అడిగితే తన రికార్డరులోని మెమరీ కార్డు తీసి చేతిలో పెట్టాడు. అందులో ఒక్కో చప్పుడు ఒక్కో ట్రాకులో విడివిడిగా ఉంది. అక్కమ్మ గొంతును ఎత్తి పక్కన పడేసి, ఆ ఖాళీలో ఇంకొకరిని కూర్చోబెట్టడం ఎంతసేపు? చేతులు మాత్రం ఆమెవే ఉంచుకున్నారు. చాకిరీ మనది, నోరు వాళ్లది. ఈ పద్ధతి మన దగ్గర కొత్తదేమీ కాదు.

"ఏమప్పా, రాయి మాదిరి నిలబడితివి?" అని టెంటు మేస్త్రి అరిచాడు.

"ఏం లేదన్నా, మెడ పట్టింది" అన్నాడు యేసన్న.

కుర్చీలు వరుసగా వేశాడు. అదే పాట ఆ సాయంత్రం పదకొండు సార్లు విన్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇంటికి పోయాక అక్కకు కూడా చెప్పలేదు. ఇలాంటి మెడనొప్పులు మన ఊళ్లలో చాలామందికి ఉన్నాయి. డాక్టరుకు చూపించుకునే రకం కాదవి.

అక్కమ్మ పుట్టినప్పుడు వాళ్ల నాయన ఇంకా గంగమ్మకు డప్పు కొట్టేవాడు. చర్చికి పోవడం మొదలుపెట్టాక పుట్టినవాడు యేసన్న. ఇద్దరికీ పన్నెండేళ్ల తేడా. ఊళ్లో ఎవరు చచ్చినా నాయన కూలి అడగకుండా పోయి డప్పు కొట్టాలి, తాగడానికి ఏదో పోస్తారు, అంతే లెక్క. నాయన పోయాక యేసన్నను పిలిచారు. రానన్నాడు. రెండేళ్లపాటు ఊళ్లో ఎవరూ పనికి పిలవలేదు. కదిరికి పోయి గోడలు కట్టడం నేర్చుకున్నాడు. చర్చిలో కీబోర్డు వాయించడం కూడా నేర్చుకున్నాడు. డప్పును మాత్రం వదల్లేదు. ఇంట్లో వాయించుకునేవాడు.

హిందూపురంలో ఒక బ్యాండు మూతపడినప్పుడు, తన కీబోర్డు ఇచ్చి బదులుగా ఆ రికార్డరు తెచ్చుకున్నాడు. టిఫిను ప్లేటంత ఉంటుంది. ఎనిమిది ట్రాకులు, వాటికి ఎనిమిది మీటలు. కంప్యూటరు అక్కర్లేదు. రెండు మైకులు తగిలించి ముందొక గొంతు పట్టుకోవచ్చు. దాన్ని వింటూ రెండో ట్రాకులో డప్పు, మూడో దాంట్లో తాళాలు. ఒక్క మనిషే ఎనిమిది మంది కావచ్చు. కరెంటుకు పెడితే గుయ్యిమని రొద, అందుకని సెల్లులు వేసి నడుపుతాడు. కాలనీ ఇల్లు రేకులది, మాట్లాడితే మోగుతుంది. గోతాల నిండా శెనక్కాయ పొట్టు కూరి నాలుగు గోడలకూ ఆనించాడు. రొద అణిగింది. కూలి పని లేని రోజుల్లో, పిల్లలు బడికి పోయి, బస్సులు తగ్గి, ఊరు కాస్త కునుకు తీసే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అతని పని.

మొదటిసారి అక్కమ్మను మైకు ముందు కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించిన రోజు ఒక్క ముక్క రికార్డు కాలేదు.

"ఇదేందిరా, చెవులకి చిప్పలు? ఎవురికి పాడల్ల? గోడకా?"

"పాడక్కా, గోడ కూలితే కూలనీ" అంది పక్కనే కూర్చున్న రామాంజినమ్మ. "నీ తమ్ముడు మేస్త్రీ గదా, మళ్లా కడతాడులే."

అక్కమ్మ రెండుసార్లు గొంతు సవరించుకుంది, పల్లవి ఎత్తుకుంది, మధ్యలో ఆగిపోయింది. మాటలు గుర్తుకు రావడం లేదంది. నలభై ఏళ్లు పాడిన పాట! చివరికి రామాంజినమ్మే కనిపెట్టింది. "ఊరికే కూసుంటే యాడొస్తాది? చేతికి కాయలియ్యి." చాట, రెండు దోసిళ్ల కాయలు తెచ్చి ముందు పెట్టారు. వేళ్లు కదలగానే పాట వచ్చింది. ఆ చిటపటను ఎలా ఆపాలా అని యేసన్న నెల రోజులు తంటాలు పడ్డాడు, తర్వాత బుద్ధి తెచ్చుకుని రెండో మైకును చాట దగ్గరే పెట్టాడు.

అది విత్తనాలు ఒలిచే పాట. వానల ముందు విత్తనపు కాయలను ఆడవాళ్లు గుంపుగా కూర్చుని చేత్తో ఒలిచేవారు. మిషన్లో వేస్తే గింజ దెబ్బతింటుందని. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. ఏడు చరణాలు. ఆరు చరణాలు ఎప్పుడైనా ఎక్కడైనా పాడుకోవచ్చు. ఏడోదానికి రాగమూ వేరు, కట్టుబాటూ ఉంది. అది మూట కుట్టే చరణం. ఒలిచిన గింజలను గోతంలో పోసి దబ్బనంతో మూతి కుడుతూ పాడాలి. కుట్టే మనిషి ఒక్కతే పాడాలి. మిగతావాళ్లకు "మొలవల్ల తల్లీ" అని అందుకోవడం వరకే. అన్నింటికన్నా ముఖ్యం, ఆ గింజ నేలలో పడేదై ఉండాలి. తినే గింజకూ, అమ్మే గింజకూ ఆ చరణం పాడరు.

ఆరు చరణాలు రికార్డయ్యాయి. స్టూడియో ఆయన ఎత్తుకుపోయినవి అవే. ఏడోది మిగిలిపోయింది. నాలుగేళ్లుగా ఆ ఊళ్లో ఎవరూ చేత్తో విత్తనం ఒలిపించలేదు. వాన నమ్మకం లేక కొందరు విత్తడమే మానేశారు. మిగతావాళ్లు కాయల్ని మిషన్‌కు తోలుతున్నారు.

ఆ మిషన్లోనే అక్కమ్మ పదిహేనేళ్లు పనిచేసింది. కాయలు పోసేది, దుమ్ములో నిలబడేది. మూతికి గుడ్డ కట్టుకోమని చెప్పినవాడు లేడు, ఇచ్చినవాడు అసలే లేడు. పోయినేడు గొంతు జీరపోయింది. పెద్దాసుపత్రిలో చూసి, గొంతులో గడ్డ లేచింది, బెంగళూరు పోతే తీస్తారు, మాట ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు. ఆమె పోనంది. నెలనెలా గొంతు సన్నబడుతోంది. యేసన్నకు ఇక ఒకటే పట్టుదల. ఆమె గొంతు పోయేలోపు ఏడో చరణం ట్రాకు మీద పడాలి.

సంతలో నాలుగు సేర్ల కాయలు కొనుక్కొచ్చి అక్క ముందు పోశాడు. "కాయలివి. గోతం ఇది. దబ్బనం ఇదో. కుట్టు, పాడు."

"ఏ సేనికిరా?" అంది.

"సేను సంగతి నీకేల? పాట గావల్ల."

"సేను ల్యాకుండా ఏ తల్లిని మొలవమని అడగల్ల? నీకు సెంటు నేల లేదు, నాకు సెంటు నేల లేదు. అబద్దం పాడమంటావు."

"ఒక్కసారి పాడితే ఏమయితాది క్కా?"

"నాకేం గాదు. ఇత్తనం ఏసేవాళ్లకి అయితాది."

ఆమెతో వాదించి గెలిచినవాడు లేడు. చేను ఉన్నవాడి దగ్గరికే పోదామని బయ్యన్న ఇంటికి వెళ్లాడు యేసన్న. అక్కమ్మ అంతకాలం కాయలు ఒలిచింది ఎక్కువగా ఆయన చావడిలోనే. నలభై ఎకరాల మెట్ట. బయ్యన్న మంచిగానే కూర్చోమన్నాడు. అరుగు కింద. టీ ఇప్పించాడు. ఆయనకు స్టీలు గ్లాసు, యేసన్నకు పేపరు గ్లాసు. ఇది రాస్తే "ఇంకా అవన్నీ ఎక్కడున్నాయండీ" అంటారు. ఇదిగో, ఇక్కడున్నాయి.

"పాట కోసరం శెనక్కాయలేసే మొగోడు యాడన్నా ఉన్నాడా అప్పా?" అని నవ్వాడు బయ్యన్న. నవ్వులో ఓపిక లేదు. "పదేండ్లు ఏసినా. మూడేండ్లు గింజ కంట సూసినా. ఇప్పుడు నేలంతా సోలారు కరెంటు కంపెనీకి ఇచ్చేసినా. ఆడంతా అద్దాలే. పోయి ఆ అద్దాలకి పాడమను మీ యక్కని."

యేసన్న గ్లాసు తానే తీసుకుపోయి రోడ్డవతల పారేసి వచ్చాడు.

దారి దొరికింది కాలనీలోనే. ఎర్రన్నకు ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన రెండెకరాల పట్టా ఉంది. రాళ్లు ఏరుకుని ఏరుకుని దాన్ని చేను చేసుకున్నాడు. ఈ ఏడు కూడా వేస్తానన్నాడు.

"ఇత్తనం మిషన్ కాడికి ఏసకపోవల్ల అనుకుంటి. మీరు ఒలుస్తామంటే నాకేం? అయితే కూలికి దుడ్లు ల్యా."

"దుడ్లు ఎవురడిగిరి? టీ పొయ్యి సాలు" అంది రామాంజినమ్మ. "ఈ పొద్దు నుంచి మేమంతా స్టారు సింగర్లం."

మూడు రోజులు ఒలిచారు. అక్కమ్మ, రామాంజినమ్మ, ఇంకో ఇద్దరు. యేసన్న ఇంట్లో, పొట్టు గోతాల మధ్య, ఫ్యాను ఆపేసి. రేకుల వేడికి చెమటలు కారిపోయాయి. ఆ మూడు రోజులూ అతను పనికి పోలేదు. సెల్లులు మార్చి, మైకులు జరిపి, గొంతు కాపాడుకోమని అక్కకు మాటిమాటికీ వేడినీళ్లు ఇచ్చాడు. మొదటి రెండు రోజులూ ఆమెను పాడనివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం గింజలన్నీ గోతంలో పోశారు. ఎర్రన్న తలగుడ్డ తీసి ఒక పక్కగా నిలబడ్డాడు. అక్కమ్మ దబ్బనంలో పురికొస ఎక్కించి మొదటి కుట్టు వేసింది. యేసన్న మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది.

అక్కమ్మ నోరు తెరిచింది. గాలి వచ్చింది. గొంతు రాలేదు.

ఆమె ఆగలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి, చేయి కుడుతూనే ఉంది. ఆ చేయి పైకి లేచిన చోట రామాంజినమ్మకు తెలుసు, చరణంలో ఒక పాదం అయిందని. "మొలవల్ల తల్లీ మొలవల్ల" అని అందుకుంది. మిగతా ఇద్దరూ అందుకున్నారు. మళ్లీ నిశ్శబ్దం, పురికొస జారే చప్పుడు, మళ్లీ ముగ్గురి గొంతులు. పదకొండు పాదాలూ అలాగే నడిచాయి. మూట మూతి కుట్టడం పూర్తయ్యేదాకా ఎవరూ ఏడవలేదు. అయ్యాక రామాంజినమ్మ ఒక్కతే, "నీ పాసుగాల, నాకన్నా నేర్పించి పోగొట్టుకోకూడదా గొంతు" అని తిట్టి ఏడ్చింది.

రికార్డరులో ఇప్పుడు ఉన్నది ఇదే. జవాబు ఉంది. పిలుపు లేదు.

అక్కమ్మ మనవరాలు ఆశ్రిత డిగ్రీ చదువుతోంది. అవ్వ నోటి దగ్గర చెవి పెట్టి, గుసగుసగా వచ్చిన పదకొండు పాదాలనూ కాగితం మీద రాసుకుంది. మాటలు దక్కాయి. రాగం గుసగుసలో రాదు. ఎప్పుడూ మూట కుట్టింది అక్కమ్మే కాబట్టి మిగతా ఆడవాళ్ల నోటికి అది ఎక్కలేదు. యేసన్న తనకు తోచినట్టు పాడి వినిపించాడు. అక్కమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకోలా పాడాడు. ఊపింది. రోజూ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అక్క ముందు కూర్చుని పాడటం, ఆమె కాదనడం. ఒకరోజు ఆశ్రితను పిలిచి చెవిలో ఏదో ఊదింది. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. "తాతా, 'అది చర్చి పాటరా' అంటాంది అవ్వ." నిజమే. ముప్పయ్యేళ్లు చర్చిలో కీబోర్డు వాయిస్తూ పాడిన గొంతు ఎటు తిప్పినా చివరికి ఆదివారం ఆరాధన దగ్గరికే వెళ్లి ఆగుతోంది.

"నువ్వే ఏదో ఒగటి కట్టెయ్‌రాదా? ఎవురికి తెలుస్తాది?" అన్నాడు ఎర్రన్న.

"ఆమెకి తెలుస్తాది గదన్నా" అన్నాడు యేసన్న. అతని ముఖంలో ఇప్పుడు పట్టుదలలాంటిదేమీ కనిపించదు. అలసిపోయాడు. అయినా సెల్లులు మారుస్తున్నాడు.

ఇది చదువుతున్న మీకు ఒక పని. కదిరి, ముదిగుబ్బ, ఓబుళదేవరచెరువు, తనకల్లు పక్క ఊళ్లలో ఈ పాట ఉండేదని అక్కమ్మ చెబుతోంది. ఆ చరణం తెలిసిన ఆడమనిషి ఎక్కడో ఉండే ఉంటుంది. అరవై దాటి ఉంటుంది. ఏ మనవడి ఇంటి ముందో ఊరికే కూర్చుని ఉంటుంది. వెళ్లి అడగండి. ఊరికే అడిగితే గుర్తులేదంటుంది, నమ్మకండి. ఈ జూన్‌లో మీ చేనుకు వేసే విత్తనం ఒక్క మూటైనా మిషన్‌కు పంపకుండా ఆమె చేతికివ్వండి, దబ్బనం ఇవ్వండి, మూతి కుట్టమనండి. మీకు చేను లేకపోతే ఉన్నవాళ్లను ఒప్పించండి. పాట వస్తే ఫోనులో పట్టుకుని, పాడినామె పేరూ ఊరూ అడిగి రాసుకుని, నల్లమాడలో యేసన్న ఇంటికి తీసుకురండి. అక్కమ్మ గొంతు పోయింది గానీ చెవులు బాగున్నాయి. విని ఔనో కాదో తల ఊపి చెప్పడానికి ఆమె ఉంది. ఎంతకాలం ఉంటుందో ఆసుపత్రివాళ్లు చెప్పలేదు. కాబట్టి వచ్చే ఏడు చూద్దాంలే అనుకోకండి. ఈ వానలకే వెళ్లండి.