ఆరు కల్దార్లు, ఏడు హాలీలు

నిజాం రాజ్యంలో రూపాయి ఒక్కటి కాదు, రెండు. మా సిద్దిపేట బజారులో నడిచేది సర్కారు వారి హాలీ రూపాయి. సరిహద్దు అవతల షోలాపూరులో నడిచేది ఇంగ్లీషు వాళ్ల కల్దార్. ఆరు కల్దార్లు కావాలంటే ఏడు హాలీలు పెట్టాలి. ఈ సంగతి పాలు పోసే అవ్వకు తెలుసు, బండి తోలే తాతకు తెలుసు. మా బావకూ నాకూ కూడా తెలుసు. తెలిసి తెలిసీ ఏడాది పొడుగునా గోతిలో పడటానికి మాత్రం మా ఇద్దరికున్నంత తెలివి కావాలి.

బావ అంటే మా అక్క మొగుడు. ఇరుకు గల్లీలో కొట్టు పెట్టి, షోలాపూరు నుంచి కందిలి లాంతర్లు, బకెట్లు, తాళాలు తెచ్చి అమ్మేవాడు. నేను నాలుగో తరగతిలోనే బడితో తెగతెంపులు చేసుకున్నవాణ్ణి. మా ఉర్దూ పంతులు మెలేసిన కుడి చెవి ఇప్పటికీ ఎడమదానికంటే కొంచెం పొడుగు. అయినా కూడికలూ తీసివేతలూ అందులోంచి బయటికి పోలేదు. అందుకని మీసాలు వచ్చిన నాటి నుంచి ఆ కొట్టుకు గుమాస్తాను నేనే, హమాలీని నేనే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, బస్సులు ఆగే మలుపు దగ్గర ఒక మల్గి ఖాళీ అయింది. మల్గి అంటే రోడ్డు మీదికి తెరుచుకునే దుకాణపు గది. దాన్ని చూసినప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు. బస్సు దిగినవాడి చూపు మొదట పడేది దాని మీదే! బావ ఒక మాటన్నాడు.

“ఏడాది కిరాయి నూరు రూపాయలట. దీపావళికి లెక్క తేలనియ్యి. నూరు మిగిలితే మల్గి తీసుకుందం, గల్లా మీద నువ్వే కూసో. మిగలకుంటె బకెట్లు మోసుకుంట ఉండు.”

దీపావళికి ముందు రోజు మధ్యాహ్నం లెక్క మొదలుపెట్టాం. అమ్ముడైన సరుకు కొన్న ధర ఆరు వందలు. అమ్మగా వచ్చింది ఎనిమిది వందలు. కిరాయికీ బండ్లకూ పోయింది ఎనభై. మిగిలింది నూట ఇరవై! నేను ఎగిరిన ఎగురుకు పైన వేలాడదీసిన బకెట్ నెత్తికి తగిలి గుడిగంటలా మోగింది.

అన్నం గిన్నె పట్టుకుని అక్క వచ్చింది.

“ఏందిర తమ్మీ, గంతుల్లేస్తున్నవ్?”

“లాభమే అక్కా! నూట ఇరవై!”

అక్క గల్లా పెట్టె మూత తీసి చూసింది. “మరి గిండ్ల లేవేంది?”

“నీ కొంగు మూటనడుగు,” అన్నాడు బావ.

ఆ ఏడాదంతా ఇదే పాట. గల్లాలో తక్కువైనప్పుడల్లా ఇంట్లోకి వాడి ఉంటుందని ఆయన అక్క మీదికి తోసేవాడు. అక్క గిన్నె ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. మేము మాత్రం చెప్పులు తొడుక్కుని మల్గి యజమాని ఇంటికి పరుగో పరుగు.

యజమాని ముసలి పటేల్. అరుగు మీద వక్కలు కత్తిరిస్తున్నాడు.

“ఏడు రూపాయలు బయానా ఇయ్యిన్రి. మిగిలినయి పండుగ అయినంక తేన్రి,” అన్నాడు.

బావ దర్జాగా నడుం సంచీ విప్పి, దాచుకున్న కల్దార్లు ఏడు పరిచాడు. పటేల్ ఒక దాన్ని వేలితో వెనక్కు నెట్టాడు.

“కల్దార్లయితె ఆరు సాలు, షావుకారీ. ఏడు హాలీ అయితై.”

బావ దాన్ని నా ముక్కు ముందు ఆడించాడు. “సూసినవా బామ్మర్దీ! మల్గిల అడుగు పెట్టకముందే లాభం!”

నేను నవ్వాను. నవ్వుతూనే ఆరూ ఏడూ వేళ్ల మీద లెక్కపెట్టి ఆగిపోయాను. నోరు మూసుకుంటే మల్గి నాది. కానీ నా నోట్లో అక్క చేసిన గారెలే నిలవవు, మాటేం నిలుస్తుంది? పైగా మునిగే పడవలో గల్లా మీద కూర్చునేది నేనే కదా.

“బావా, షోలాపూర్ల మనం ఆరు వందలు ఇచ్చింది ఏ రూపాయలు?”

“ఏ రూపాయలేంది? కల్దార్లే. ఆడ హాలీ ఇస్తె కుక్కను తోలినట్టు తోల్తరు.”

“గవి యాడికెల్లి తెచ్చినవ్?”

“రూపాయలు మార్చే సర్రాఫు కాడ. ఏడు వందల హాలీ ఇచ్చి...” బావ ఆ కల్దార్‌ను గుప్పిట్లో మూసేశాడు.

“ఖాతల ఎంత రాసినం?”

“బిల్లుల ఉన్నంత. ఆరు వందలు. రూపాయలు మార్చుకునుడు బేరం కాదు గదా అని గది రాయలే.”

“అమ్మిందేమో హాలీల రాసినం. గొర్లను, మేకలను ఒక్క మందల కలిపి ఉన్ని ఎంతొస్తదో లెక్కవెట్టినం బావా!”

పటేల్ అడకత్తెర పక్కన పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను బొగ్గు ముక్క అడిగి ఆయన గచ్చు మీదే లెక్క మళ్లీ వేశాను. కొన్నది ఏడు వందలు, అమ్మింది ఎనిమిది వందలు, ఖర్చు ఎనభై. మిగిలింది ఇరవై.

బావ ఊరుకోలేదు. “కొట్ల కందిళ్లు ఇంకా ఉన్నై గద! కొమురవెల్లి జాతరల లాభానికే పోతై. గా లాభం గిప్పుడే కలుపు.”

“అమ్మినంక కలుపుదం. దూడ కడుపుల ఉండంగనే జున్ను వండుతమా?”

“అరే పిచ్చోడా, మల్గి నీకు వద్దా?”

“కావాలె. దొంగ లాభంతోని వద్దు. రేపు కిరాయి కట్టలేకుంటె గీ పటేలు నా బకెట్లనే బజార్ల పారేస్తడు.”

“పారేయ, అమ్ముకుంట,” అన్నాడు పటేల్. “మీరు కాదంటె దర్జీ ఒకడు రోజూ తిరుగుతుండు. ఆయనకిస్త.”

అప్పుడు కళ్ల ముందుకు వచ్చింది మల్గి కాదు, దాని ముందున్న రాతి అరుగు.

“పటేలా, మల్గి దర్జీకి ఇయ్యి. అరుగు ఎవరిది?”

“మల్గి నాదైతె అరుగు నీ తాతదా?”

“కిరాయెంత?”

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. “ఏడాదికి పదిహేను. హాలీలే. మళ్లొచ్చి గచ్చు మీద బొగ్గు గీతలు గీయొద్దు.”

ఇరవైలో పదిహేను! పోగా అయిదు చేతిలోనే. బయానా అందులోకే జమ.

ఇంటికి వెళ్లి అక్కకు చెప్పాం. చెప్పింది నేనే; బావ తలుపు చాటునే ఉన్నాడు. అక్క చేతులు నడుం మీద పెట్టుకుంది.

“అంటె గల్లాల తక్కువైన నూరు సర్రాఫు కాడికి పోయినయన్నట్టు. ఏమయ్యా, నా కొంగు ఇప్పి సూస్తవా ఇంకా?”

మర్నాడు లక్ష్మీపూజలో కొత్త ఖాతాకు పసుపు పెట్టి, కల్దార్లకు ఒక నిలువు గీత, హాలీలకు ఒక నిలువు గీత కొట్టాం. కల్దార్ ఎంతైనా హాలీలోకి మార్చాకే కూడిక. అక్క మీదికి వంగి చూసింది.

“ఇంకో గీత కొట్టు తమ్మీ, నా కొంగు మూటకు. దాని కింద ఏం రాయకు. సంవత్సరమంత మీ బావ సూసుకుంట ఉండాలె.”

కొట్టాను.

పండుగ మర్నాడు అరుగు మీద కందిళ్లు వరసగా పేర్చాను. లోపల దర్జీ మిషను టకటకా. పొద్దుటి బస్సు ఆగింది. దిగినవాళ్లలో ఒక పెద్దమనిషి సూటిగా నా దగ్గరికే వచ్చి, కందిలి ఎత్తి, గాజు చూసి, బేరమాడకుండా చేతిలో డబ్బు పెట్టాడు. చూద్దును కదా, ఇంగ్లీషు రాజు తలకాయలు!

“బావా, కల్దార్లు!” అని గల్లీ అదిరేటట్టు అరిచాను.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా గల్లీ కొట్టులోంచి పరుగెత్తుకొచ్చాడు బావ. “ఏ గీత కింద రాస్తున్నవ్ర? ఏ గీత కింద?”